చీటీ ఇచ్చాక ఏమవుతోంది?

సంపాదకుని గారికి,

బడుల్లో పిల్లలకు వైద్య పరీక్షలు పెంచాలన్న మాట తరచూ వింటున్నాం. పెంచవలసిందే. ఇరవై ఏడేళ్లు పాఠాలు చెప్పి విరమించిన నాకు పేచీ పరీక్షలతో కాదు, అవి అయ్యాక ‘ఫలానా డాక్టరుకు చూపించండి’ అని రాసి పిల్లల చేతికిచ్చే చీటీతో.

మా ఆరో తరగతిలో ఒక అమ్మాయి ఎప్పుడూ పక్కపిల్ల నోటుపుస్తకంలోకి తొంగిచూసి రాసుకునేది. కాపీ కొడుతోందని రెండుసార్లు కసిరాను కూడా. సంవత్సరం చివర పుస్తకాలు వెనక్కి తీసుకుంటుంటే ఆమె లెక్కల పుస్తకంలోంచి నాలుగు మడతల కాగితం జారిపడింది. కంటి వైద్యుడికి చూపించాలని రాసి ఉంది. తేదీ చూస్తే ఎనిమిది నెలల కిందటిది! డాక్టరు చీటీ రాశాడు, బడి రిజిస్టరులో టిక్కు పెట్టుకుంది. ఇంట్లో ఏమంటారోనని పిల్ల దాన్ని దాచేసింది. నల్లబల్ల కనబడని పిల్లనా నేను కసిరింది అనుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇది కొత్త సమస్య కాదు. 1902లో న్యూయార్క్ బడుల్లో వైద్యులు తామర, కంటిజబ్బుల వంటివి కనబడిన పిల్లల్ని ఇంటికి పంపేసేవారు. తర్వాత వాళ్లకు చికిత్స అందిందో లేదో చూసే దిక్కు లేదు. అప్పుడు లీనా రోజర్స్ అనే నర్సును నాలుగు బడులకు పంపారు. ఆమె చిన్న చిన్న జబ్బులకు బడిలోనే మందు వేసింది, ఇళ్లకు వెళ్లి తల్లులతో మాట్లాడింది. అది ఫలించడంతో మరికొందరు నర్సులను నియమించారు. ఏడాది తిరిగేసరికి అలా ఇంటిముఖం పట్టే పిల్లల సంఖ్య దాదాపు పదోవంతుకు పడిపోయింది.

కళ్లకైతే చీటీ అయినా ఉంది. 10–19 ఏళ్ల వారిలో ప్రతి ఏడుగురిలో ఒకరికి మానసిక సమస్య ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వెనక బెంచీలో మూగగా కూర్చునే పిల్లవాడికి ఏ చీటీ రాస్తారు?

ప్రతి బడిలోనూ ఆసుపత్రితో, కౌన్సెలర్‌తో, బాలల సంరక్షణ అధికారులతో మాట్లాడి, పని పూర్తయ్యేదాకా వెంటపడే మనిషి ఒకరుండాలి. ఆ బరువును టీచరు నెత్తిన ఇంకో రిజిస్టరుగా పెట్టేటట్లయితే మానుకోండి. టీచరుకే అప్పగించక తప్పదంటే ముందు పీరియడ్లు తగ్గించండి. పిల్లను చూసిన ఆసుపత్రి నుంచో, కౌన్సెలర్ నుంచో బడికి జవాబు కూడా రావాలి. పిల్లల గుట్టు బయటపడుతుందన్న భయం సబబే కానీ, జబ్బు పేరు నాకెందుకు? ఆ అమ్మాయి విషయంలో ‘ముందు బెంచీలో కూర్చోబెట్టండి’ అని ఒక్క ముక్క ఎవరైనా చెప్పి ఉంటే చాలు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని