ఎడమ జబ్బ మీద మచ్చ చూసిన డాక్టరమ్మకు, మా వాళ్లందరికీ

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర ఊరు. బాబుకు రెండున్నరేళ్లు. వాడికి కవాసాకి అనే, రక్తనాళాలు వాచే జబ్బు వచ్చింది. ఆరు వారాలకు తీసే ఎకో (గుండె స్కాన్) నిన్న తీశారు, గుండె రక్తనాళాలు మామూలుగానే ఉన్నాయన్నారు. ఇప్పటిదాకా ఎవరికీ థ్యాంక్స్ చెప్పే స్థితిలో లేను.

ఐదు రోజులు జ్వరం దిగలేదు. కళ్లు ఎర్రబడ్డాయి, కానీ పుసి లేదు. పెదాలు పగిలి నెత్తురు వచ్చింది. మొదట చూపించిన చోట వైరల్ అని సిరప్ రాసి పంపారు. ఆరో రోజు నల్గొండలో పిల్లల డాక్టరమ్మ చొక్కా విప్పించి, ఎడమ జబ్బ మీద బీసీజీ టీకా మచ్చను వేలితో తాకి చూశారు. అది ఎర్రగా ఉబ్బి ఉంది. రోజూ స్నానం పోసే నేను దాన్ని దోమకాటు అనుకున్నా. "ఇది కవాసాకి కావచ్చమ్మా, రాత్రికే హైదరాబాద్ వెళ్లండి" అని, అక్కడి డాక్టరుకు తనే ఫోన్ చేశారు. మేడమ్, మీకు చేతులెత్తి మొక్కుతున్నా.

జపాన్ డాక్టర్ తోమిసాకు కవాసాకి 1967లో వివరించి రాసిన జబ్బు ఇది. వైద్యం లేకపోతే నలుగురిలో ఒకరికి గుండె నాళాలు ఉబ్బుతాయట. పదో రోజులోపు ఇమ్యునోగ్లోబులిన్ (రక్తంలో రోగాలతో పోరాడే ప్రోటీన్లతో చేసిన మందు) ఎక్కించాలి, కిలోకు 2 గ్రాములు. మా వాడు 12 కిలోలు, అంటే 24 గ్రాములు. రాత్రంతా ఆ చుక్కలు చూస్తూ కూర్చున్నా. వేల మంది ఇచ్చిన ప్లాస్మా, అంటే రక్తంలోని పసుపు ద్రవం, కలిపి చేస్తారని నర్సమ్మ చెప్పింది. మీరెవరో, ఏ ఊరివాళ్లో తెలియదు. మీ రక్తం నా బిడ్డ ఒంట్లో ఉంది.

జ్వరం తగ్గినా ఆస్పిరిన్, ఎకోలు ఎందుకని విసుగు లేకుండా చెప్పిన గుండె డాక్టరు గారికీ నమస్కారం. వారే ఇంకో మాట చెప్పారు: మన ఒంట్లోని ప్రోటీన్లకు ఫాస్ఫేట్, చక్కెర లాంటి చిన్న రసాయన ముక్కలు అతుక్కుంటే వాటి పనే మారిపోతుందట. వాపు వచ్చిన గుండెలో ఆ అతుకులు ఎలా మారతాయో ఎలుకల్లో వెతుకుతున్నారట, పసిపిల్లల గుండె ముక్క తీసి చూడలేం కదా. ఆ పని చేసేవాళ్లకూ ఈ తల్లి దండం.

వదినా, ఆ రాత్రి నీ చిట్టి డబ్బులు పంపకపోతే మందు సీసాలు కొనేవాళ్లమే కాదు. పత్తి అమ్మగానే తెచ్చిస్తాం. తొందరేం లేదని నువ్వన్నా సరే.