సర్దుకుంటాయని వదిలేస్తే ఎలా?

సంపాదకులకు,

పది రోజుల కిందట సముద్రంలో ఆక్సిజన్ తగ్గుతోందని మీ పత్రికలో వార్త వేశారు. బాగుంది. కానీ చేపలు ఎలాగోలా సర్దుకుంటాయని దాన్ని ముగించేశారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు.

నేను ఇరవై ఏళ్లుగా చేపల చెరువులు చేస్తున్నాను. మబ్బు పట్టిన రోజున చెరువులో ఆక్సిజన్ తగ్గిపోతుంది; తెల్లవారుజామున నాలుగింటికి గట్టు మీద నిలబడి టార్చి వేస్తే చెరువంతా నోళ్లే కనిపిస్తాయి. చేపలు పైకి తేలి, మొప్పలు గబగబా ఆడిస్తూ గుటకలు వేస్తుంటాయి. మేత వేసినా ముట్టవు. చేప సర్దుకోవడమంటే అదండీ. మేమైతే పరుగెత్తి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు వేస్తాం. సముద్రానికి ఎవరు వేస్తారు?

బంగాళాఖాతంలో సుమారు 100 మీటర్లు దిగాక, కొన్ని వందల మీటర్ల మేర ఆక్సిజన్ దాదాపు ఉండదు. గంగ, బ్రహ్మపుత్ర, మన గోదావరి తెచ్చిపోసే నీరు ఉప్పునీటి కన్నా తేలిక. అది మూతలా పైన పరుచుకుంటే కిందికి గాలి అందదు. లాంతరు చేపల్లాంటివి పగలు అలాంటి పొరలోనే గడిపి, రాత్రి మేతకి పైకొస్తాయి. సూర (ట్యూనా), కొమ్ముకోనాం లాంటి పెద్ద చేపల వల్ల అది కాదు. వాటికి ఆక్సిజన్ దండిగా కావాలి, కాబట్టి పైపైనే తిరుగుతాయి. అట్లాంటిక్ ఉష్ణమండలంలో ఈశాన్య భాగాన 1960 - 2010 మధ్య ఇలాంటి చేపలు తిరిగే చోటు 15 శాతం తగ్గిందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఇరుకులో చేరిన చేప వలకి సులువుగా పడుతుంది. రేవులో సరుకు ఎక్కువ దిగగానే వేట బాగుందని రాసుకుంటే సరా? చేప పెరిగి వచ్చిందా, కింద ఊపిరాడక వచ్చిందా అని చూసేవాళ్లు ఎవరు?

పైగా కాలవల మురుగూ, పొలాల ఎరువులూ, ఒప్పుకోవాలి, మా చెరువుల నీళ్లూ చివరికి సముద్రంలోకే. అదంతా కుళ్లేటప్పుడు నీళ్లలోని ఆక్సిజన్‌నే తినేస్తుంది. మా ఊరి డ్రెయిన్ గురించి మూడుసార్లు అర్జీ పెట్టాను. మొదటిసారి సారు లేరన్నారు. రెండోసారి తమ శాఖ కాదన్నారు. మూడోసారికి పాత అర్జీలే కనబడలేదు. పూర్వం గుమస్తా అయినా కాగితం తీసుకుని ముద్ర వేసి ఇచ్చేవాడు!

చేపలు ఎక్కడ దొరుకుతాయో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ మత్స్యకారులకు చెబుతోంది. అలాగే తీరం వెంబడి నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచి, ప్రతి రేవులో తెలుగులో బోర్డు మీద రాయించాలి. మీరూ వాతావరణ వార్తల పక్కన ఆ అంకె వేయండి.

- ఒక పాఠకుడు, నరసాపురం