ఉద్దానం మీద థీసిస్ అన్నావు కదా

అమ్మలూ,

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం కనిపెట్టడమే నీ ఎండీ థీసిస్ అన్నావు. ఆశ మంచిదే గానీ అది థీసిస్ టాపిక్ కాదు. కవిటి, సోంపేట, కంచిలి వైపు నీళ్లని, ఎండలో చాకిరీని, నొప్పి మాత్రల్ని అన్నిటినీ అనుమానించారు, దేన్నీ ఇదేనని తేల్చలేకపోయారు. ఒక్క పీజీ తేల్చేది కాదది.

అదే రోగిలో ఒక్కో డిపార్ట్‌మెంటుకి ఒక్కో ప్రశ్న కనిపిస్తుంది. పాథాలజీ వాళ్లు బయాప్సీలో ట్యూబ్యూల్స్ (కిడ్నీలోని సన్న గొట్టాలు) చుట్టూ పడ్డ మచ్చ చూస్తారు. ఎస్పీఎం (ప్రజారోగ్యం) వాళ్లు ఊరి బోరు, జీడితోటలో పని గంటలు అడుగుతారు. బయోకెమిస్ట్రీ వాళ్లకైతే అసలా క్రియాటినిన్ (కండల నుంచి వచ్చి కిడ్నీ వడకట్టే వ్యర్థం) అంకెని నమ్మొచ్చా అన్నదే ప్రశ్న. (నన్నడిగితే అన్నిటికన్నా ముందు అడగాల్సింది అదే.)

నువ్వు మెడిసిన్‌లో ఉన్నావు కాబట్టి ఇంత చిన్నది చాలు: మీ ఓపీకి వచ్చే వ్యవసాయ కూలీల్లో, షుగరూ బీపీ లేనివాళ్లలో, జీఎఫ్‌ఆర్ (క్రియాటినిన్ నుంచి లెక్కకట్టే కిడ్నీ వడపోత వేగం) 60 కంటే తక్కువ ఎంతమందికి ఉంది? ఓపీ లెక్క ఊరి లెక్క కాదు. టైటిల్‌లోనే ‘ఆసుపత్రికి వచ్చినవారిలో’ అని రాయి, లేకపోతే వైవాలో అక్కడే పట్టుకుంటారు.

శాంపిల్ సైజు 4పీక్యూ బై డీ స్క్వేర్. పీ అంటే జబ్బున్నవాళ్ల శాతం, క్యూ మిగతా శాతం, డీ మనం ఒప్పుకునే తేడా. పాత స్టడీల్లో 20 శాతం అని ఉందనుకో, ఐదు శాతం అటూఇటూ తేడా చాలనుకుంటే 4×20×80 బై 25, అంటే 256 మంది. పది శాతం మంది మళ్లీ రారని వేసుకుంటే 285. తేడా మూడు శాతమే ఉండాలని పట్టుబడితే 712 అవుతుంది. పరీక్షకి ఆరు నెలల ముందే థీసిస్ ఇవ్వాలి, అంతమందిని ఎక్కడినుంచి తెస్తావు?

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడ. క్రియాటినిన్ ఒకసారి చూసి సీకేడీ (దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు) అని రాసేస్తారు. మూడు నెలల తర్వాత మళ్లీ చూసినా జీఎఫ్‌ఆర్ తక్కువే ఉంటేనే అది సీకేడీ. వాంతులు, విరేచనాలతో వచ్చినవాడికి ఆరోజు క్రియాటినిన్ ఎక్కువ రావడం మామూలే. కాబట్టి చివరి పేషెంటుని డేటా ముగియడానికి నాలుగు నెలల ముందే చేర్చుకోవాలి. మూత్రంలో ప్రొటీన్ చూసే స్టిక్ మీద మాత్రం ఆధారపడకు. ఈ జబ్బులో ప్రొటీన్ తక్కువే పోతుంది, స్టిక్ నెగెటివ్ వచ్చినవాడికీ కిడ్నీ చెడి ఉండొచ్చు. కండ లేని బక్కపల్చటి మనిషికి క్రియాటినిన్ తక్కువ చూపించి జీఎఫ్‌ఆర్ ఉన్నదానికన్నా బాగున్నట్టు వస్తుంది, ఆ సంగతి లిమిటేషన్స్‌లో రాసుకో. మీ ల్యాబు క్రియాటినిన్‌ని జాఫీ పద్ధతిలో చేస్తుందో ఎంజైమాటిక్‌లో చేస్తుందో మొదటిరోజే కనుక్కో, మధ్యలో మారిస్తే రెండు లెక్కలూ కలపలేవు. జీఎఫ్‌ఆర్ ఫార్ములా కూడా మొదటినుంచి చివరిదాకా ఒక్కటే వాడు.

ఎథిక్స్ కమిటీ అనుమతి తేదీకి ముందు ఒక్క పేషెంటు కూడా ఉండకూడదు. కన్సెంట్ ఫారంలో ‘దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి’ అని రాయకు, ‘కిడ్నీ జబ్బు’ అను. చదువురానివాళ్లకి పైకి చదివి వినిపించి, మీ టీంతో సంబంధం లేని సాక్షి సంతకం తీసుకో.

ఎక్సెల్‌లో వయసుని 52 అనే రాయి, ‘50–60’ అని కాదు. తర్వాత గ్రూపులు చేసుకోవచ్చు, గ్రూపుల్లోంచి వయసు మాత్రం వెనక్కి రాదు. టెస్టు చేయకపోతే ఖాళీ వదులు, సున్నా వేయకు.

ప్రొఫార్మా (పేషెంటు వివరాల ఫారం) అచ్చు వేయించే ముందు నీ రూమ్మేట్‌ని కూర్చోబెట్టి ఒకటి నింపి చూడు. ఇరవై నిమిషాలు దాటితే ప్రశ్నలు తగ్గించు, ఓపీ లైన్లో అంతసేపు ఎవరూ నిలబడరు. తగ్గించాక నాకు వాట్సాప్ చెయ్, ఆదివారం చూస్తాను.

నాన్న