12 వోల్టుల నుంచి 19 వోల్టులకు: మా కొనుగోలుదారులకు ఒక మనవి

రెండేళ్లుగా మేము కూర్చి ఇస్తున్న చిన్న కంప్యూటర్లన్నింటికీ 12 వోల్టుల అడాప్టరునే జతచేస్తూ వచ్చాము. ఈ నెల నుంచి 19 వోల్టుల అడాప్టరుకు మారుతున్నాము. ఎందుకు మారుతున్నామో, ఇప్పటికే మా దగ్గర కొన్నవారు ఏమి జాగ్రత్త పడాలో దాపరికం లేకుండా తెలియజేయడం నా బాధ్యత.

పోయిన వేసవిలో ఒక పాల సేకరణ కేంద్రం వారు ఆన్ కావడం లేదంటూ తమ కంప్యూటరును తెచ్చారు. కరెంటు పోయిన వేళల్లోనూ పాల లెక్కలు ఆగకూడదని, ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగవచ్చునా అని వారు అంతకుముందు అడిగినప్పుడు, “అడాప్టరూ 12 వోల్టులే, బ్యాటరీ కూడా 12 వోల్టులే, నిశ్చింతగా కలపండి” అని చెప్పినవాడిని నేనే. మూత విప్పి హార్డ్ డిస్కు కనెక్టరు పీకగానే మదర్ బోర్డు ఆన్ అయింది. డిస్కును తిరగేసి చూస్తే, ఎక్కువ వోల్టేజి వచ్చినప్పుడు తాను బలై డిస్కును కాపాడే చిన్న డయోడు నల్లగా పొక్కి ఉంది. దానిని తీసివేసి డేటా బయటకు తీయగలిగాము, కొత్త డిస్కు మా ఖర్చుతో వేసి ఇచ్చాము. అయినా ఆ కేంద్రం రెండు రోజులు చేతిరాతతో నడవవలసి వచ్చినది నా మాట వల్లనే.

12 వోల్టుల బ్యాటరీ అన్నది పేరుకే. నిండుగా ఉండి ఊరికే ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.7 వోల్టులు చూపుతుంది, చార్జి అవుతున్నప్పుడు 14.4 వరకు ఎక్కుతుంది, బాగా వాడేశాక 11 కిందికి దిగుతుంది. కంప్యూటరులోని 12 వోల్టుల లైనుకు అనుమతి ఉన్నది 5 శాతం తేడా మాత్రమే, అంటే 11.4 నుంచి 12.6 వరకు. మేము వాడుతూ వచ్చిన చిన్న పవర్ బోర్డు 5 వోల్టులను, 3.3 వోల్టులను తానే తయారుచేస్తుంది గాని, 12 వోల్టుల లైనును మాత్రం బయటి నుంచి ఎలా వస్తే అలాగే లోపలికి వదులుతుంది. అడాప్టరు స్థిరంగా 12 ఇస్తున్నంత కాలం ఇందులో తప్పు లేదు. బ్యాటరీ కలిపితే మాత్రం చార్జరు పెట్టే 14.4 వోల్టులూ నేరుగా డిస్కుకే చేరతాయి.

అడాప్టరుతో నడిచే యంత్రాలలోనూ మరొక ఇబ్బంది గమనించాము. 60 వాట్ల పనికి 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు కావాలి, 19 వోల్టుల దగ్గర 3 ఆంపియర్ల పైచిలుకు చాలు. అందువల్ల అదే వైరులో వేడిగా పోయే నష్టం రమారమి ఐదింట రెండు వంతులకు తగ్గుతుంది. రెండు మీటర్ల సన్న వైరులో 5 ఆంపియర్లు పారితే దాదాపు 0.4 వోల్టు దారిలోనే పోయి, కంప్యూటరుకు చేరేది 11.6 మాత్రమే, అంటే హద్దు అంచు. కొత్త బోర్డు 19 వోల్టులను తీసుకొని 12ను తానే దించి ఇస్తుంది కనుక దారిలో పోయినది లెక్కలోకి రాదు. ధర 700 రూపాయలు పెరుగుతుంది, బోర్డు కొంచెం వేడెక్కుతుంది, ఒకటి రెండు వాట్లు అదనంగా ఖర్చవుతాయి. అయినా ఇదే మేలైన దారి అని నా నిశ్చయం.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన హెచ్చరిక. పాత 12 వోల్టుల అడాప్టరు పిన్నూ, కొత్త 19 వోల్టుల అడాప్టరు పిన్నూ ఒకే కొలత: బయట 5.5, లోపల 2.5 మిల్లీమీటర్లు. కాబట్టి ఇంట్లోని ల్యాప్‌టాప్ అడాప్టరు పిన్ను మీ పాత యంత్రంలో చక్కగా దూరిపోవచ్చు, ఆ వెంటనే బోర్డు కాలిపోవచ్చు. గుచ్చే ముందు అడాప్టరు వెనుక అవుట్‌పుట్ అని ఉన్న చోట ఎన్ని వోల్టులో చూడండి. ఇన్‌పుట్ వైపు బెంగ లేదు: అక్కడ 100–240 అని ఉంటే మన 230 వోల్టుల లైనులోనూ, పల్లెల్లో సాయంత్రం పూట వోల్టేజి తగ్గినప్పుడూ, అమెరికాలోని మీ పిల్లల ఇంటి 120 వోల్టుల సాకెట్టులోనూ అది పనిచేస్తుంది.

బ్యాటరీతోనే నడపవలసినవారికి 6 నుంచి 30 వోల్టుల వరకు తట్టుకునే బోర్డును అసలు ధరకే అమర్చి ఇస్తాము. 24 వోల్టుల బ్యాటరీ ఉన్నవారికి దీనిని ఇవ్వడం లేదు. చార్జి సమయంలో అది 29 దాకా వెళుతుంది గనుక, 30 హద్దు గల బోర్డుకు వెసులుబాటు చాలదు.

బ్యాటరీకి నేరుగా కలపమని నేను చెప్పినవారికి ఈ మార్పు పూర్తిగా ఉచితం. ఎవరెవరికి అలా చెప్పానో నేను ఎక్కడా రాసుకోలేదు, కనుక దయచేసి మీరే వచ్చి చెప్పండి. అంతవరకు ఆ వైరును విప్పి, ఇన్వర్టరు ఇచ్చే 230 వోల్టుల సాకెట్టులో మేము ఇచ్చిన అడాప్టరును పెట్టి వాడుకోండి.