రాజమహల్‌కు వెళ్ళే ముందు

తల్లిదండ్రులకు నమస్కారం.

వచ్చే శనివారం 6 నుంచి 9 తరగతుల పిల్లల్ని చంద్రగిరి కోటలోని రాజమహల్ మ్యూజియానికి తీసుకెళ్తున్నాం. శుక్రవారం ఎందుకు కాదని కొందరు అడిగారు. కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియాలకు ఆ రోజు సెలవు. 15 ఏళ్ళలోపు పిల్లలకు టికెట్ లేదు. గుర్తింపు కార్డు మాత్రం మెడలో ఉండాలి.

లోపల రాతి శిల్పాలు, కంచు విగ్రహాలు ఉన్నాయి. అయినా పిల్లలు ముందు చూడాల్సింది తలమీది కప్పునే. విజయనగర రాజుల నాటి ఈ మూడంతస్తుల మేడకు కలప వాడలేదు. రాయి, ఇటుక, సున్నం, అంతే. దూలాలు లేకుండా ఎలా నిలబడిందంటే, పైబరువు కమాను వంపు వెంట పక్కలకు జారి కిందికి దిగుతుంది. పక్కలకు తోసే ఆ బలాన్ని ఆపడానికే గోడలు అంత లావు. గుమ్మం దగ్గర గోడ మందం ఎన్ని పాదాలో కొలిచి రాసుకురమ్మన్నాం.

సున్నపు పూత గోడలోని తేమను బయటికి వదులుతుంది. దానిమీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కి, ఉప్పు పేరుకుని, పెచ్చులు ఊడతాయి. మీ ఊళ్ళో పాత మిద్దెకు మరమ్మతు తలపెట్టినవాళ్ళకు ఈ మాట చెప్పండి.

కంచు విగ్రహాలను ముట్టుకోకూడదు. చేతి చెమటలోని ఉప్పు లోహాన్ని తినేసి ఆకుపచ్చటి పొడి లేపుతుంది. ఈ విగ్రహాల పోత తీరు తెలిసి వెళ్తే చూపు మారుతుంది. తేనెమైనంలో గుగ్గిలం కలిపి బొమ్మ చేస్తారు. మొదట మెత్తటి ఒండ్రుమట్టి, ఆపైన ముతక మట్టి పూసి ఆరబెడతారు. కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. మట్టి సరిగా ఆరకపోతే ఆవిరి పుట్టి పోతలో బుడగలు పడతాయి. చివర అచ్చు పగలగొట్టాల్సిందే, కాబట్టి ఒక అచ్చుకు ఒకటే విగ్రహం.

పిల్లలతో అట్ట, 4 తెల్లకాగితాలు, 2 పెన్సిళ్ళు పంపండి. పెన్ను వద్దు, ఫోను అసలే వద్దు. వెలుగు పక్కనుంచి పడే శిల్పాన్ని ఎంచుకుంటే చెక్కడం లోతు నీడల్లో తెలుస్తుంది, గీయడం తేలిక. భోజనానికి పులిహోర మేలు. పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసిపోతుంది.

సోమవారం డ్రాయింగు పీరియడ్లో మైనపు బొమ్మలు చేయిస్తాం. ఒక్కొక్కరికి నిమ్మకాయంత తేనెమైనం కావాలి. కొవ్వొత్తి మైనం పంపకండి, వంచితే విరిగిపోతుంది.

ప్రధానోపాధ్యాయురాలు