మీ ‘చలికాలం’ డీజిల్ మందు మీద ఫిర్యాదు

మిర్యాలగూడ,
నల్లగొండ జిల్లా.

మేనేజర్ గారికి,

నమస్కారం. నాకు రెండు లారీలున్నాయి. మొన్న డిసెంబర్ ఆఖర్లో రెండూ ఇక్కడి మిల్లుల బియ్యం ఎత్తుకొని శ్రీనగర్ పోయినయి. అక్కడ డిసెంబర్ 21 నుంచి నలభై రోజులు గట్టి చలి. అందుకే చలికి డీజిల్ గడ్డకట్టకుండా ట్యాంకులో పోసే మీ ‘చలికాలం’ మందు నల్లగొండలో మీ డీలర్ దగ్గర ఐదు సీసాలు కొన్న. సీసా మీద మంచుకొండ బొమ్మ, ‘మైనస్ 20 వరకు భయం లేదు’ అనే మాట.

జమ్మూలో ఒకే పంపులో రెండు ట్యాంకులు నింపిచ్చిన్రు. ఒక డ్రైవర్ మీ మందు రెండు సీసాలు పోసిండు. రెండో ఆయన అక్కడి దుకాణంలో వేరే కంపెనీది కొని పోసుకున్నడు. రాత్రి ఖాజీగుండ్‌లో పక్కపక్కనే ఆపిన్రు. తెల్లారి ఆ బండి కదిలింది. మీ మందు పోసిన బండి కదల్లే. "అన్నా, సెల్ఫ్ తిరుగుతుంది గానీ బండి అందుకుంటలేదు" అని ఫోన్. ఫిల్టర్ విప్పి వీడియోలో చూపిచ్చిండు: లోపలంతా కొవ్వొత్తి కరిగి పేరుకున్నట్టు మైనం. సీసాలో పట్టిన డీజిల్ బియ్యం కడిగిన నీళ్ల లెక్క తెల్లగుంది. ట్యాంకు కింద మంట పెడ్తనంటే నేనే ఆపిన. ఆయనకు ఇద్దరు చిన్నపిల్లలు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ.

డీజిల్‌లో మైనం ఉంటదని, చలికి అది గడ్డలై ఫిల్టర్‌ను మూస్తదని మీకు నేను చెప్పాల్నా? మన దేశ ప్రమాణం ప్రకారం చలికాలపు డీజిల్‌కే పోర్ పాయింట్, అంటే అంతకంటే చల్లబడితే డీజిల్ పారని హద్దు, 3 డిగ్రీల దాకా ఉండొచ్చు. లద్దాఖ్‌కు 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా పారే డీజిల్ వేరుగా తెచ్చింది అందుకే. మీ సీసా వెనుక చిన్న అక్షరాలు ఫోన్‌లో పెద్దగ చేసి చదివిన. అది సీటేన్ పెంచే మందట, ఇంజెక్టర్లు కడిగే మందట. సీటేన్ పెరిగితే డీజిల్ తొందరగా అంటుకుంటది, మైనాన్ని అదేం చేస్తది? ఆ వేరే కంపెనీ సీసా మీద ఎన్ని లీటర్లకు ఎంత పోయాల్నో, డీజిల్ చల్లబడక ముందే పోయాలని, గడ్డకట్టినంక పోస్తే పనిచేయదని స్పష్టంగా రాసి ఉంది. మీ దాని మీద ఒక్క ముక్క లేదు.

సీసాల పైసలు, ఫిల్టర్, మెకానిక్ ఖర్చు, బండి ఆగిన రోజున్నర కిరాయి ఇప్పించాలె. దానికంటే ముందు ఆ ‘మైనస్ 20’ లేబుల్ తీసెయ్యాలె. నిన్న కూడా డీలర్ అల్మారాలో ఆ సీసాలే ఉన్నయి, వచ్చే వారం మా ఊరి బండ్లు ఇంకో రెండు అటు పోతున్నయి. బిల్లు, సీలు తియ్యని మూడు సీసాలు, ఆ ఫిల్టర్ నా దగ్గర భద్రంగ ఉన్నయి. మీ మనిషిని పంపితే చూపిస్త.

ఇట్లు,
ఒక లారీ ఓనర్