పది చిట్కాలూ ఇంటివాళ్లకేనా?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పిల్లల స్క్రీన్ టైమ్ తగ్గించడానికి పది చిట్కాలు వేశారు. అప్పుడే రాద్దామనుకున్నాను. మనవరాలి హోంవర్కు ఫోన్‌లో వెతికిపెట్టే పనిలో పడి ఇవాళ్టికి తీరిక చిక్కింది.

ముందు ఒక తప్పు. ఏ వయసు పిల్లలైనా రోజుకు 2 గంటలు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినట్టు రాశారు. ఆ సంస్థ 2019లో చెప్పింది 5 ఏళ్ల లోపు పిల్లల సంగతి. ఏడాది నిండని వాళ్లకు అసలే వద్దంది. 2 నుంచి 4 ఏళ్ల వాళ్లకు గంట మించొద్దు, ఇంకా తగ్గితే మరీ మంచిదంది. పెద్ద పిల్లలకు 2 గంటలన్నది అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ పాత మాట. 2016లో వాళ్లే దాన్ని వదిలేసి, నిద్రకూ ఆటకూ అడ్డురాకుండా హద్దు పెట్టుకోమన్నారు. మా అల్లుడు మాత్రం మీ వ్యాసం కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించాడు. అప్పటినుంచి ఇంట్లో రోజూ పంచాయితీ.

చిట్కాలన్నీ తల్లిదండ్రులకే చెప్పారు. సాయంత్రం 4 నుంచి వాళ్లు ఉద్యోగాల నుంచి వచ్చేదాకా పిల్లల్ని పట్టుకునేది నేనూ మా ఆవిడా. మా గురించి ఒక్క ముక్క లేదు. సరే, మూడో చిట్కా ప్రకారం ఫోన్ బీరువాలో పెట్టాను. పావుగంట కాలేదు, "తాతా, టీచర్ హోంవర్కు గ్రూపులో పెట్టారు" అంది మనవరాలు. తీసిచ్చాను. రాసిన పేజీ ఫొటో తీసి పంపాలట, మళ్లీ ఇచ్చాను. లెక్కలకు ఇంకో యాప్. దాన్ని వరసగా 7 రోజులు తెరిస్తే నక్షత్రం, ఒక్కరోజు మానితే ఉన్నది పోతుంది. సెలవు రోజు కూడా నక్షత్రం కోసం ఏడుపు. ఇదే బడివాళ్లు మమ్మల్ని పిలిచి, స్క్రీన్ వల్ల నష్టాలేమిటో గోడంత తెర మీద చూపించారు! బిడ్డను గిల్లి జోలపాడటమంటే ఇదే.

మా అమ్మాయి ఫోన్‌కు టైమ్ లిమిట్ పెట్టి పిన్ నాకు చెప్పింది. మర్చిపోతానేమోనని కేలండర్ మీద రాసుకున్నాను. ఎనిమిదేళ్ల పిల్లకు కేలండర్ చదవడం వచ్చు.

చిన్నవాడిది ఇంకో కథ. "ఒక్క వీడియోనే" అని ఒప్పందం చేసుకుని ఇస్తాం. అది అవుతుండగానే రెండోది దానంతటదే మొదలవుతుంది, ఇక ఆపితే మేం మాట తప్పినట్టు. ఇలాంటిదే ఇంకోటి, ఫోన్ తెరను వేలితో జరిపే కొద్దీ కొత్తవి తరగకుండా వచ్చే పద్ధతి. దాన్ని 2006లో తయారుచేసిన ఏజా రాస్కిన్ అనే డిజైనర్, ఆ పని చేసినందుకు తర్వాత బాధపడుతున్నానన్నాడు. మీ వ్యాసంలో మాత్రం కంపెనీల ఊసే లేదు.

ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదన్న చట్టం అమల్లోకి వచ్చింది. అది ఏమాత్రం పనిచేస్తుందో నాకు అనుమానమే, పిన్ పట్టేసినవాళ్లకు వయసు దాచడం ఓ లెక్కా? నాకు నచ్చింది జరిమానా సంగతి. తల్లిదండ్రులకు కాదు, పిల్లలకు కాదు, కంపెనీలకు, 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా.

ఏడో చిట్కా, ఆరుబయట ఆడించండి. నిజమే, బయటి వెలుగులో తిరిగే పిల్లలకు దూరానివి మసకగా కనబడే సమస్య తక్కువని కంటి డాక్టర్లూ చెబుతున్నారు. ఎక్కడ ఆడించాలి? మా దగ్గరి ఆటస్థలానికి ఎప్పుడు చూసినా తాళం. అధికారిని అడిగితే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టమన్నారు. పెట్టాను. ఆరోజు నా స్క్రీన్ టైమ్ గంటన్నర. తాళం అలాగే ఉంది.

నేనేమీ సుద్దపూసనని చెప్పుకోవడం లేదు. రాత్రి దిండు కింద ఫోన్ దాచుకునేది నేనే, మనవరాలికి దొరికిపోయాను కూడా.

ఇంకొక్క మాట. ఆ వ్యాసం కింద "మరిన్ని వివరాలకు వీడియో చూడండి" అంటూ క్యూఆర్ కోడ్ వేశారు. దాన్ని నాకంటే ముందు మనవరాలే స్కాన్ చేసింది. ఇదివరకు అదే చోట పిల్లల కోసం చుక్కలు కలిపే బొమ్మ, చిన్న గళ్ల నుడికట్టు ఉండేవి. ఎందుకు తీసేశారు?

– ఒక తాత